ఉప్పుకల్లు

ఆదివారం పొద్దున్న మాకు మెలకువ వచ్చేది కొబ్బరి డొక్కల పొగ వాసనకి. పెరట్లో నూతి పక్కన రాళ్ళ పొయ్యి, దాని మీద మసిబారిన రాగి కాగు. కోనసీమలో కొత్తపేట దగ్గర ఒక చిన్న ఊరు మాది. కొబ్బరి డొక్కలకీ మట్టలకీ కొదవ లేదు కాబట్టి నీళ్ళు ఎంతసేపైనా కాగేవి. నేను 1968లో పుట్టాను. నా తర్వాత మూడేళ్ళకు చెల్లి, ఇంకో మూడేళ్ళకు తమ్ముడు. ముగ్గురం నిద్రకళ్ళతో అరుగు మీద వరసగా కూర్చునేవాళ్ళం. పెద్దదాన్ని కాబట్టి మొదటి వంతు నాది.

మామ్మ పీట వేసుకుని కూర్చుంటే నేను ఆవిడ మోకాళ్ళ మధ్య చతికిలబడేదాన్ని. మా దొడ్లో కాయలే ఎండబెట్టి, కురిడీలు కొట్టించి, గానుగ ఆడించిన కొబ్బరినూనె తలకి. ఒంటికి మాత్రం నువ్వులనూనె. ముందు మాడు మీద చారెడు నూనె పోసి అరచేత్తో టపటపా తట్టేది. ఆ తట్టడం ఎంతసేపంటే, నూనె లోపలికి ఇంకి మాడు వెచ్చబడేదాకా. తర్వాత మెడ, భుజాలు, వీపు, అరికాళ్ళు. వేళ్ళ సందులు కూడా వదిలేది కాదు. అంతా అయ్యాక పెరట్లో ఎండలో కాసేపు నిలబెట్టేది. ఆ జిడ్డు ఒంటితో జామచెట్టు చుట్టూ తిరుగుతూ ఉండేవాళ్ళం.

ఆ తర్వాత నలుగు. మామ్మ సున్నిపిండి ఊళ్ళో పేరున్నది. పెసలు, శనగపప్పు, గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ములు, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్ళు, ఎండిన నారింజ తొక్కలు అన్నీ కలిపి మరకి పంపేది. ఎవరి ఇంట పెళ్ళి అన్నా పెళ్ళికూతురి నలుగుకి ఒక డబ్బా మా ఇంటి నుంచే వెళ్ళేది. ఆవిడ నలుగు పెడితే ఒంటి మీద నూనే, మట్టీ కలిసి నల్లటి వత్తుల్లాగా రాలేవి. చర్మం మండేది కూడా. కానీ ఆ మంట గుర్తొస్తే ఇప్పటికీ నాకు సుఖంగానే ఉంటుంది.

అప్పటిదాకా మామ్మ పని. నీళ్ళ పని అమ్మది. ముందురోజు రాత్రే కుంకుడుకాయలు రాతి మీద చితక్కొట్టి, గింజలు తీసి, పెచ్చులు ఇత్తడి గిన్నెలో నానబెట్టేది. నల్లటి గింజలు మేం ఏరుకుని వామనగుంటల ఆటకి దాచుకునేవాళ్ళం. పొద్దున్న ఆ పెచ్చుల్లో వేణ్ణీళ్ళు పోసి, నాలుగు మందారాకులు వేసి పిసికితే గిన్నె పైదాకా నురగ. ఆ రసం తల మీద పడగానే ఎంత గట్టిగా కళ్ళు మూసుకున్నా ఎక్కడో ఒక చుక్క లోపలికి దూరేది. "అమ్మా, మండుతోందే!" అని గావుకేక పెడితే, అమ్మ ఎడం చేత్తో నా గడ్డం పట్టుకుని నోట్లో ఉప్పుకల్లు పెట్టేది. "చప్పరించు, తగ్గిపోతుంది" అనేది. నిజంగానే తగ్గేది. తగ్గించేది ఉప్పో, నాలుక మీద కరిగే ఉప్పు వైపు ధ్యాస మళ్ళడమో నాకు ఇప్పటికీ తెలియదు. తలంటు రోజున నూతిగట్టు మీద చిన్న కొబ్బరిచిప్పలో ఉప్పుకళ్ళు ఎప్పుడూ ఉండేవి.

ఆఖరి చెంబు మాత్రం మామ్మే పోసేది. తల చుట్టూ తిప్పి, "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అని పోసేది. తర్వాత కుంపట్లో సాంబ్రాణి వేసి, మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద జుట్టు పరిచేవారు. మధ్యాహ్నం ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. తినీ తినకుండానే నిద్ర ముంచుకొచ్చేది.

ఇంట్లో వీటికన్నిటికీ రోజులుండేవి. శనివారం మగవాళ్ళకి, శుక్రవారం ఆడవాళ్ళకి, బడి పిల్లలం కాబట్టి మాకు ఆదివారం. భోగినాడు, ఉగాదినాడు, దీపావళి ముందు నరకచతుర్దశినాడు చీకటితోనే అందరికీ. ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. వారం వస్తే ఒంటికి నూనె వచ్చేది.

ఈ లెక్కలో ఒక్క మనిషి కనబడేది కాదని చాలా ఏళ్ళ దాకా నేను గమనించలేదు. అమ్మ తలంటు పోసుకోవడం నేను చూడలేదు. ఆదివారం మా ముగ్గురి పనీ అయ్యేసరికి ఆవిడ చీర కుచ్చిళ్ళు తడిసి, చేతులు నాని తెల్లగా అయిపోయి ఉండేవి. శుక్రవారం తెల్లవారుజామున మేం లేవకముందే నాలుగు చెంబులు తల మీద పోసుకుని వచ్చేసేది. కాగులో అడుగున మిగిలిన నీళ్ళు, గిన్నెలో మిగిలిన కుంకుడు పిప్పి ఆవిడవి. జుట్టు ఆరకముందే ముడి వేసుకుని పొయ్యి దగ్గర కూర్చునేది. ఆ ముడిలోంచి నీళ్ళు కారి జాకెట్టు వీపంతా తడిగా ఉండటం మాత్రం నాకు బాగా గుర్తు.

1981లో నేను పెద్దమనిషినయ్యాను. గది మూలన చాప వేసి కూర్చోబెట్టారు. పదమూడేళ్ళ పిల్లకి ఏడుపు తప్ప ఇంకేం తెలుస్తుంది? కానీ మామ్మ రోజూ చిమ్మిలి దంచి పెట్టేది. నువ్వులూ బెల్లం రోట్లో వేసి నూనె ఊరేదాకా దంచిన ఉండలు. "ఇప్పుడు తిన్నదే నీకు నలభై ఏళ్ళ నాడు నడుం నిలబెడుతుందే" అనేది. నాకప్పుడు ఆ మాట ఎక్కలేదు. ఉండలు మాత్రం తినేదాన్ని.

ఆ తర్వాతే నాకు ఇంకో సంగతి అర్థమైంది. అమ్మ నెలకి మూడు రోజులు వెనక వసారాలో విడిగా ఉండేది. వంటింట్లోకి రాకూడదు, బావి ముట్టకూడదు, మమ్మల్ని తాకకూడదు. ఆ మూడు రోజులూ అమ్మ చేతిలో వారపత్రిక ఉండేది. సీరియల్ కాగితాలు చింపి దాచుకున్న కట్టలు ముందేసుకుని మొదట్నుంచీ చదువుకునేది. మధ్యాహ్నం నిద్రపోయేది. మామూలు రోజుల్లో అమ్మ పగలు పడుకోవడం నేను ఎరగను. ఆ అంటు, ఆ మైల మాటలు తప్పే. నా కూతురికి నేను వాటిని దగ్గరికి రానివ్వలేదు. అయినా ఒక ఆడమనిషికి నడుం వాల్చుకునే హక్కు రావాలంటే మైల అనిపించుకోవాల్సి వచ్చిందే అని తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ బాధేస్తుంది.

కాకినాడలో డిగ్రీకి హాస్టల్లో చేరాను. 1985 నుంచి మూడేళ్ళు. వేణ్ణీళ్ళు లేవు, రూపాయి షాంపూ ప్యాకెట్ ఇద్దరం పంచుకునేవాళ్ళం. ఇంటి నుంచి అమ్మ పంపిన నూనె సీసా మాత్రం గదిలో నలుగురిదీ. ఆదివారం మధ్యాహ్నం మెట్ల మీద ఒకరి వెనక ఒకరం కూర్చుని తలకి నూనె పెట్టుకుంటూ, పేలు చూసుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం. నలుగురిలో ఇద్దరితో ఇప్పటికీ మాట్లాడుతుంటాను. ఫోన్ చేస్తే ముందు ఆ మెట్లే గుర్తుకొస్తాయి.

1991లో పెళ్ళై హైదరాబాదు వచ్చాను. దిల్‌సుఖ్‌నగర్ లోపల రెండు గదుల వాటా. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం దొరికింది. 1993లో పాప పుట్టడానికి పుట్టింటికి వెళ్ళాను. మా ఇంట్లో నన్ను ఎవరైనా పూర్తిగా కనిపెట్టుకుని ఉన్నారంటే ఆ మూడు నెలలే. అప్పటికి మామ్మ మంచంలో ఉంది. అమ్మే అన్నీ చేసింది.

బాలింత స్నానమంటే మామూలు స్నానం కాదు. వావిలాకు, వేపాకు వేసి మరగబెట్టిన నీళ్ళు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, నడుం మీద, తొడల మీద చెంబుతో విసిరి కొట్టినట్టు పోసేది. ఒళ్ళు ఎర్రగా కందిపోయేది. కాన్పు నొప్పులన్నీ ఆ దెబ్బకి కరిగి నీళ్ళతో పాటు తూములోంచి పోతున్నట్టు ఉండేది. బయటికి రాగానే చెవుల్లో దూది, తలకి గుడ్డ, నడుం చుట్టూ పాత పంచెతో గట్టిగా నడికట్టు. సాంబ్రాణి పొగ నాకూ పాపకీ కలిపి. పొద్దున్నే పరగడుపున కాయం ఉండ. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, బెల్లం, నెయ్యి వేసి పాకం పట్టి అమ్మే చేసేది. నోట్లో పెట్టుకుంటే చెవుల్లోంచి వేడి వచ్చేది. తర్వాత వేడన్నంలో వెల్లుల్లి కారం, బీరకాయ, పొట్లకాయ కూర. ఇరవై ఒకటో రోజున పాపని ఉయ్యాల్లో వేశారు.

అందులో అన్నీ మంచివేనని అననుగానీ, అమ్మ చేతిలో ప్రేమే ఉంది. నీళ్ళు ఎక్కువ తాగితే ఒళ్ళు నీరు పడుతుందని గ్లాసుడు నీళ్ళకే పరిమితం చేసింది. అమలాపురంలో డాక్టరమ్మకి చూపించినప్పుడు ఆవిడ అమ్మని కూర్చోబెట్టి, పాలిచ్చే తల్లికి నీళ్ళు ఎక్కువే కావాలని చెప్పింది. అలాగే పాప చెవుల్లో నూనె పొయ్యద్దని, ముక్కుల్లో ఊదద్దని కూడా చెప్పింది. అమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి నా మంచం పక్కన మరచెంబు నిండా కాచి చల్లార్చిన నీళ్ళు పెట్టడం మొదలుపెట్టింది.

రెండోవాడు 1997లో పుట్టినప్పుడు ఇదేదీ లేదు. నాన్నకి గుండె జబ్బు బయటపడి అమ్మ రాలేకపోయింది, నేను వెళ్ళలేకపోయాను. అప్పట్లో చట్టం ప్రకారం ప్రసూతి సెలవు 12 వారాలు. 2017లో దాన్ని మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు చేశారని పేపర్లో చదివినప్పుడు ఆఫీసులో చిన్న వయసు ఆడపిల్లల మొహాలు చూసి ఎంత సంతోషపడ్డానో! నేను మాత్రం వాడికి మూడో నెల దాటకుండానే బస్సెక్కాను. నడుం నొప్పి అప్పుడు మొదలై అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత పన్నెండేళ్ళు ఎలా గడిచాయో విడిగా చెప్పడానికి ఏమీ లేదు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున. టిఫిన్లు, బాక్సులు, బస్సు, ఆఫీసు, మళ్ళీ బస్సు. ఆదివారం పిల్లలిద్దరికీ నూనె పెట్టి తలంటు పోసేదాన్ని. సికింద్రాబాదు మొండా మార్కెట్ నుంచి కుంకుడుకాయలు తెచ్చి కొట్టేదాన్ని. ఉప్పుకల్లు కూడా పెట్టేదాన్ని. ఆయన తలకి నూనె రాసేదాన్ని. అందరివీ అయ్యాక బకెట్లో ఎంత ఉంటే అంత నా తల మీద పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని వంటింట్లోకి వెళ్ళేదాన్ని. జాకెట్టు వీపు తడిగా ఉండేది. అప్పుడు కూడా నాకు అమ్మ గుర్తుకురాలేదు.

2009లో, నాకు నలభై ఒకటో ఏడు నడుస్తుండగా, కోఠి బస్టాపులో కళ్ళు తిరిగి పడిపోయాను. ఎవరో చెరుకు బండి అతను నీళ్ళు చల్లి ఆటో ఎక్కించాడు. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7.8. ఆడవాళ్ళకి 12 కన్నా తగ్గితేనే రక్తహీనత అంటారట. అంతకు ముందు రెండేళ్ళుగా నెలసరి ఎనిమిదేసి, పదేసి రోజులు ఉంటోంది. మెట్లెక్కితే ఆయాసం. "ఈ వయసులో మామూలే" అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పడానికి ఇంకెవరున్నారు? ఎవరికీ చెప్పలేదు కదా.

స్కానింగులో గర్భసంచిలో గడ్డలున్నాయని తేలింది, ఫైబ్రాయిడ్లు. ముందు వెళ్ళిన నర్సింగ్‌హోమ్‌లో, "ఇద్దరు పిల్లలు పుట్టేశారుగా, ఇంక దానితో పనేముంది, తీసేద్దాం" అన్నారు. శుక్రవారం చేరమన్నారు, సోమవారం ఆపరేషన్. నాకు ముప్ఫై దాటగానే గర్భసంచి తీయించుకున్న పిన్ని ఉంది. తర్వాత ఆవిడకి ఎముకలు గుల్లబారి, ఒళ్ళు బరువెక్కి, యాభై రాకముందే ముసలిదైపోయింది. పల్లెల్లో కడుపునొప్పి అని వెళ్ళిన ఎంతమంది ఆడవాళ్ళకి ఇదే మాట చెప్పారో! 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నారా అని మొదటిసారి అడిగారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద 3.2 శాతం మంది గర్భసంచి తీయించుకుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఆ అంకెలు చదివిన రోజు పిన్ని మొహమే కళ్ళ ముందు ఆడింది.

మా ఆయన మామూలుగా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రాత్రి మాత్రం, "ఇంకో డాక్టరుకి చూపిద్దాం. తొందరేముంది, సోమవారం ఎక్కడికీ పారిపోదు" అన్నారు. రెండో డాక్టరమ్మ రిపోర్టులన్నీ నిదానంగా చూసింది. గడ్డలు చిన్నవి, మందులతో చూద్దాం, ఆరు నెలలకోసారి స్కాన్ చేయించండి, ముందు రక్తం పట్టాలి అంది. ఐరన్ మాత్రలు టీతో వేసుకోవద్దని, నిమ్మరసంతో వేసుకోమని చెప్పింది. లేచి వస్తుంటే అడిగింది, "మీరు మీకోసం డాక్టరు దగ్గరికి వచ్చి ఎన్నాళ్ళైంది?" అని. పిల్లల టీకాల కార్డులు, ఆయన షుగర్ రిపోర్టులు, మామగారి కంటి ఆపరేషన్ తేదీలు అన్నీ నాకు నోటికొచ్చు. నా గురించి ఆలోచిస్తే బాబు పుట్టినప్పటి కుట్లు విప్పించుకోవడమే గుర్తొచ్చింది. పన్నెండేళ్ళు.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. రెండో రోజుకి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో దిగింది, అరవై మూడేళ్ళ మనిషి, ఒక్కతే. చేతిలో కొబ్బరినూనె డబ్బా, స్టీలు డబ్బాలో చిమ్మిలి ఉండలు. వచ్చిన రోజే నన్ను హాల్లో పీట మీద కూర్చోబెట్టి మాడు మీద నూనె పోసింది. టపటపా తట్టింది, మామ్మ లాగే. నలభై ఒక్క ఏళ్ళదాన్ని, ఆవిడ మోకాలికి తల ఆనించి కూర్చున్నాను. కన్నీళ్ళు ఆగలేదు. అమ్మ ఏమీ అడగలేదు, తడుతూనే ఉంది.

కాసేపటికి నేనే అడిగాను. "నీకెవరు పోసేవారమ్మా?"

చెయ్యి ఆగింది. చాలాసేపు ఆలోచించింది. "పెళ్ళికి ముందు మా అమ్మ పోసేది" అంది. ఇంకాసేపాగి, "తర్వాత పురిటికి వెళ్ళినప్పుడల్లా పోసింది. ఆఖరుసారి నీ తమ్ముడు పుట్టినప్పుడు" అంది.

తమ్ముడు పుట్టింది 1974లో. ముప్ఫై అయిదేళ్ళు. ఆ ముప్ఫై అయిదేళ్ళలో ఆవిడ మా ముగ్గురికీ, నాన్నకీ, మామ్మకీ, మా చిన్నత్తల పురుళ్ళకీ, నా పాపకీ కలిపి ఎన్ని వందల కాగుల నీళ్ళు కాచిందో. "రేపు నేను పోస్తాను" అంటే, "నాకెందుకే ఇప్పుడు, ముసలిదాన్ని" అని లేచి వెళ్ళిపోయింది. ఉన్న పది రోజుల్లో ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు.

ఆవిడ రైలెక్కిన వారం, శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా నాది అని ఇంట్లో చెప్పాను. చిన్నప్పుడు వారానికి ఉన్న రోజు లాంటిదే ఒకటి నాకూ పెట్టుకున్నాను. మొదట్లో చాలా కష్టమైంది. కుక్కర్ కూత వినపడితే లేచిపోయేదాన్ని. తలకి నూనె పెట్టుకుని ఉత్తినే కూర్చుంటే తప్పు చేస్తున్నట్టు ఉండేది. పదహారేళ్ళ మా అమ్మాయి వచ్చి, "అమ్మా, కూర్చో, పప్పు నేను చూస్తా" అని తలుపు దగ్గరికి వేసింది. కొన్ని వారాలకి ఆయనే శుక్రవారం రాత్రి కుంకుడుకాయలు కొట్టి నానబెట్టడం మొదలుపెట్టారు. గింజలు తీయాలని తెలియక మొదటిసారి అలాగే నానేశారు. నేనేమీ అనలేదు. ఆ రసంతోనే పోసుకున్నాను, ఆ రోజు తలంటు అంత బాగా ఇంకెప్పుడూ అనిపించలేదు.

తలంటుతో రక్తం పట్టిందని చెప్పను. మాత్రలు వేసుకున్నాను, చిమ్మిలి తిన్నాను, గోంగూర, తోటకూర తిన్నాను. ఎనిమిది నెలలకి 11.6కి వచ్చింది. కానీ శనివారం అద్దం ముందు కూర్చుని నన్ను నేను చూసుకోవడం వల్లే, గోళ్ళు పాలిపోతున్నాయా, కాళ్ళు వాస్తున్నాయా, రొమ్ములో ఏదైనా తగులుతోందా అని చూసుకునే అలవాటు వచ్చింది. మన దేశంలో ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతోనే తిరుగుతున్నారు. వాళ్ళలో చాలామంది నాలాగే "ఈ వయసులో మామూలే" అనుకుంటూ ఉంటారు. అందుకే ఈ సంగతులన్నీ సిగ్గుపడకుండా రాస్తున్నాను.

2016లో, నలభై ఎనిమిదో ఏట ముట్లు ఆగిపోయాయి. ఆ రెండేళ్ళూ ఒంట్లోంచి ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు, చిన్నమాటకే కళ్ళ నీళ్ళు. ఒకప్పుడు నన్ను భయపెట్టిన గడ్డలు ఆ తర్వాత వాటంతట అవే కుంచించుకుపోయాయని స్కాన్‌లో చూపించారు. కాలనీ పార్కులో పొద్దున నడకకి వచ్చే ఆడవాళ్ళతో ఇవి మాట్లాడుకోవడం నాకు చాలా బలమైంది. మా అమ్మ ఈ వయసులో ఏం పడిందో అని అప్పుడు ఫోన్ చేసి అడిగితే, "ఏమో, రాత్రుళ్ళు వెళ్ళి నూతిగట్టు మీద కూర్చునేదాన్ని" అంది. ఆ రోజుల్లో మేమెవరం ఆవిడ పక్కన లేము.

నాన్న పోయాక 2018లో అమ్మ నూతి దగ్గర జారి పడి మణికట్టు విరిగింది. డెబ్భై రెండేళ్ళు అప్పటికి. కట్టుతో హైదరాబాదు తీసుకొచ్చేశాను. కుడిచెయ్యి కదలదు కాబట్టి స్నానానికి నా సాయం తప్పలేదు. మొదటి రోజు గోడ వైపు తిరిగి కూర్చుంది. నా కళ్ళలోకి చూడలేదు. అమ్మ వీపు నేను అప్పుడే మొదటిసారి చూశాను. సన్నగా, ఎముకలు తేలి, కుడి భుజం మీద పుట్టుమచ్చ. నాకూ అక్కడే ఉంది. యాభై ఏళ్ళు నాకా సంగతి తెలియదు.

కట్టు విప్పాక కూడా మానలేదు. ఇప్పుడు అమ్మకి డెబ్భై తొమ్మిది. మా శనివారం ఇద్దరిదీ అయింది. సాయంత్రం కాస్తా పొద్దుటికి మార్చాం, ఆవిడకి చలి అని. గీజరు నీళ్ళు నచ్చవు, "ప్రాణం లేని వేడే ఇది" అంటుంది. అందుకని పొయ్యి మీద పెద్ద గిన్నెలో వావిలాకు వేసి కాస్తాను. ఆకు మా ఊళ్ళో ఉన్న చెల్లి కొరియర్ చేస్తుంది. పడకుండా స్నానాల గదిలో గోడకి పట్టుకునే కడ్డీ వేయించాను, కింద రబ్బరు చాప, ప్లాస్టిక్ కుర్చీ. నూనె ఎక్కువ పట్టించను, చర్మం పల్చబడి పోయింది, గట్టిగా రుద్దితే కమిలిపోతోంది. మామ్మ తట్టిన తట్టు తట్టలేను. వేళ్ళ చివర్లతో మెల్లగా నిమురుతాను. అరికాళ్ళు మటుకు బాగా రుద్దించుకుంటుంది. "ఇంకాస్త, ఇంకాస్త" అంటుంది.

మొన్న శనివారం రసం తల మీద పోస్తుంటే ఒక చుక్క కంట్లో పడినట్టుంది. ఒళ్ళు జలదరించింది. కేక వేయలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతి మీద ఉన్న అరచెయ్యి నెమ్మదిగా తిప్పి నా వైపు చాపింది.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత తడి చేతులతోనే వంటింట్లోకి పరుగెత్తాను. మా ఇంట్లో ఉన్నది మెత్తటి ప్యాకెట్ ఉప్పు. కళ్ళుప్పు ఆవకాయకని తెచ్చింది పై అరలో సీసాలో ఉంది. స్టూలు లాక్కుని ఎక్కి, ఒక్క కల్లు తెచ్చి అమ్మ అరచేతిలో పెట్టాను. అమ్మ దాన్ని నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకునే, చప్పరిస్తూ కూర్చుంది.